బొమ్మకెక్కని గోడ

దసరా దగ్గరపడితే ముంబై దగ్గరి మా భీవండి పద్మనగర్‌లో సందు మొదట ఒక తోరణం లేస్తుంది. ప్లైవుడ్డూ థర్మాకోలూ కలిపి చేసిన కాకతీయ తోరణం. దానికి రాతి రంగు పూస్తారు, పైదూలం కొసల మీద రెండు హంసలను నిలబెడతారు, ఇటొక కరెంటు స్తంభానికీ అటొక కరెంటు స్తంభానికీ సుతిలి తాడుతో బిగించి కడతారు. ఇక రోజంతా బతుకు దాని కిందినుంచే నడుస్తుంది. పాళీ (షిఫ్టు) దిగి, కనుబొమ్మల మీద దూదినూగుతో ఇంటిదారి పట్టేవాళ్లు, టిఫిన్ డబ్బా పట్టుకుని పాళీ ఎక్కబోయేవాళ్లు, బతుకమ్మలెత్తుకుని వరాలదేవి చెరువు దిక్కు పోయే ఆడవాళ్లు, సైజింగు కార్ఖానా నుంచి నూలు బీములు తెచ్చే తోపుడుబండ్లు. ఒకసారి బట్ట తాకాలు నింపుకొచ్చిన టెంపో తగిలి ఒక హంస ముక్కు విరిగింది. డ్రైవరు దిగి చూశాడు, ముక్కను తీసి స్తంభం మొదట్లో పెట్టి, తాకాలు జారలేదు కదా అని చూసుకుని వెళ్లిపోయాడు. తల ఎత్తి ఆ తోరణాన్ని చూసేవాడు నిజానికి ఎవడూ లేడు. నాకే అది కంట్లో నలుసులా అయింది. తోరణానికి ఇవతల ఉన్నదీ అదే సందు, అవతల ఉన్నదీ అదే సందు. తలుపు లేదు, గడియ లేదు, లోపల గుడి లేదు, కోట లేదు. బతకలేక ఊరు విడిచి వచ్చిన నేతవాళ్లం, తెచ్చుకోక తెచ్చుకోక ఊరినుంచి రాజుగారి గుమ్మాన్ని ఎందుకు తెచ్చుకున్నాం? మగ్గం గుంత బొమ్మ పెట్టుకోవచ్చు కదా? రాట్నం పెట్టుకోవచ్చు కదా? ఈ మాట కమిటీ వాళ్లతో అంటే, ‘పండుగపూట నీ పంచాయితీ ఏందన్నా’ అంటారు. వాళ్లన్నదీ నిజమే.

ఆ రోజుల్లోనే మా మేనల్లుడు వియత్నాం పోయి వచ్చాడు. ముంబైలో రెడీమేడ్ బట్టల ఎగుమతి కంపెనీలో ఉద్యోగం వాడికి. పనిమీద దనాంగ్ పోయి, ఒకరోజు ఖాళీ దొరికితే, అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న హుయే నగరంలో పాత రాజుల కోట చూసి వచ్చాడట. ఫోనులో ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూపించాడు. తామరలు నిండిన కందకం, దాని వెనక నల్లబడ్డ ఇటుక గోడ, ఆ గోడకు దక్షిణాన ఐదు దారుల పెద్ద ద్వారం, ద్వారం మీద పసుపు పెంకుల మంటపం. ‘నడిమిట్ల తొవ్వ రాజుకు ఒక్కనికే మామా. పక్క తొవ్వలు మంత్రులకు, ఆ కొసలకున్నయి సిపాయిలకు, ఏనుగులకు’ అన్నాడు. ‘మరి నేతగాండ్లు ఏ తొవ్వల పోతుండిరిరా?’ అన్నాను. వాడు నవ్వి, ‘వాళ్లు లోపలికెందుకు పోతరు మామా, బట్ట పోతది’ అన్నాడు. వాడు తమాషాకే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య ఆ మాటే మళ్లీ మళ్లీ వినిపించింది.

వియత్నాం మా ఇంటికి కొత్త పేరేం కాదు. మా నాన్న ఆ పేరు విన్నది లాల్ బావ్టా (ఎర్రజెండా) యూనియన్ వాళ్ల మేడే మీటింగులో. అమెరికాను ఓడించిన బీద రైతుల దేశమని ఆయనకు తెలుసు. అక్కడొక రాజు ఉండేవాడని, ఆయనకొక కోట ఉండేదని తెలియదు, తెలిసినా పట్టించుకునేవాడు కాదేమో. నా మేనల్లుడికేమో వియత్నాం అంటే చొక్కాల ఆర్డర్లు లాక్కుపోయే గట్టి పోటీదారు. రెండు తరాల్లో ఒక దేశం ఎంత మారిపోయింది! లేక మారింది మనమా? వాడు పోయాక నేను హుయే గురించి కొంత చదివాను. గుయెన్ వంశపు మొదటి రాజు జా లాంగ్ 1805లో మొదలుపెట్టించిన కోట అది. ఆయన కొడుకు మిన్ మాంగ్ కాలంలో, 1832లో పూర్తయింది. చుట్టుకొలత 10 కిలోమీటర్లు. మొదట కట్టింది మట్టికట్టే, ఇటుక తొడుగు తరువాత వచ్చింది. ఆ ఐదు దారుల ద్వారం మీదే 1945 ఆగస్టు 30న ఆఖరి రాజు బావో దాయ్ తన ముద్రనూ కత్తినీ కొత్త ప్రభుత్వం చేతికి ఇచ్చి దిగిపోయాడు. 1968లో అక్కడి కొత్త సంవత్సరం టెట్ పండుగనాడు మొదలైన యుద్ధం మూడు వారాలకు పైగా ఆ గోడల మధ్యే సాగింది. యుద్ధాల్లో లోపలి రాజభవనాలు చాలామటుకు నేలమట్టమయ్యాయి. ద్వారం నిలిచింది, గోడ నిలిచింది. 1993లో ఆ కోట యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కింది. ఇదంతా చదువుతుంటే మనసు అక్కడ నిలవలేదు, ఓరుగల్లుకు (వరంగల్‌కు) పోయింది. పోదూ మరి? లోపలిది పోయి గుమ్మం మిగలడమనే కథ మనకు తెలియనిదా?

మా నాన్న ఊరు పరకాల దిక్కు. మా చిన్నప్పుడు ఊరికి పోవడమంటే చావుకో పెళ్లికో. మధ్యలో వరంగల్‌లో బస్సు మారడమే తప్ప కోట చూసింది లేదు. భీవండిలో తెలుగు మీడియం బడిలో కాకతీయుల పాఠం చదువుకున్నాం గానీ, మా పంతులు కూడా ఆ కోట చూశాడో లేదో. నేను పోయింది నడివయసు దాటాకే, అదీ ఒక పెళ్లికి పోయి మధ్యాహ్నం ఖాళీ దొరికితే. ఆటో ఎక్కి ఖిలా వరంగల్ అన్నాను. ‘తోరణాల కాడికేనా సార్?’ అన్నాడు ఆటోవాలా. అవునన్నాను. ఊరు పలచబడుతుండగా రోడ్డుకు అటూ ఇటూ ఒక పొడుగాటి దిబ్బ కనిపించింది. దాని మీద సీతాఫలం పొదలు, తుమ్మచెట్లు, మేస్తున్న మేకలు. రోడ్డు ఆ దిబ్బను కోసుకుని లోపలికి పోయింది. ‘ఇదేంది?’ అంటే, ‘గదా? మట్టికోట. ఉత్త కట్టనే సార్’ అన్నాడు. ఆపమంటే ఆపాడు గానీ అతని మొహంలో విసుగు దాగలేదు. మేకలు నడిచి చేసిన బాట పట్టుకుని పైకెక్కాను. ఎర్రమొరం, మధ్యమధ్య గులకరాళ్లు, వానలకు కోసుకుపోయినచోట వేళ్లు వేలాడుతున్నాయి. గోరుతో గీకి చూశాను. పొడిమట్టి రాలుతుందనుకుంటే గోరు జారిపోయింది. ఇంకొంచెం గట్టిగా గీకితే చిన్న పెంకు లేచింది, దాని కింద మళ్లీ అంతే గట్టి. పైనుంచి చూస్తే లోపల పొలాలు, ఇళ్లు, దూరాన రాతికోట బురుజులు, ఇంకా అవతల ఏకశిల గుట్ట. దిబ్బకు బయటిపక్క వెడల్పాటి పల్లం. ఒకప్పటి కందకం. తవ్విన మట్టి గోడయింది, తవ్వగా ఏర్పడ్డ గుంత కందకమయింది. ఒకే చాకిరీకి రెండు కాపలాలు! ఈ ఉపాయం కనిపెట్టినవాడు రాజై ఉండడు, గడ్డపార పట్టినవాడే అయి ఉంటాడని నా నమ్మకం. చరిత్ర చదివినవాళ్లు ఒప్పుకోకపోతే పోనీండి.

రాతికోట పని మొదలుపెట్టించింది కాకతీయ రాజు గణపతిదేవుడు, ముగించింది ఆయన కూతురు రుద్రమదేవి. పదమూడో శతాబ్దపు మాట. గుండ్రటి రాతిగోడ, వ్యాసం 1.2 కిలోమీటర్లు, 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. సున్నం లేకుండా రాయికి రాయి ఒరుసుకునేలా కూర్చోబెట్టారు. దాని చుట్టూ రెట్టింపు వ్యాసంతో నేను ఎక్కిన మట్టికోట. అదీ కాక ఇంకా దూరాన, హనుమకొండను కూడా కలుపుకుని, పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు వ్యాసంతో మూడో కట్ట. 1310లో మాలిక్ కాఫుర్ ఢిల్లీ సైన్యంతో వచ్చినప్పుడు అతనికి మొదట ఎదురైంది రాయి కాదు, ఈ మట్టే. ఆ దండయాత్ర గురించి రాసిన అమీర్ ఖుస్రో, ఆ మట్టిగోడలో ఉక్కు ఈటె కూడా దిగదని, యంత్రాలతో విసిరిన రాళ్లు తగిలి వెనక్కి ఎగురుతాయని చెప్పుకున్నాడు. ఆస్థానకవి కదా, శత్రువు గోడను ఎంత గట్టిదంటే తన ప్రభువు గెలుపు అంత గొప్పది, కాస్త పెంచే ఉంటాడు. కానీ నా గోరు ఆ మట్టి మీద జారింది, ఆ సాక్ష్యం నాకు చాలు. ఆ గోడను దాటాకే సైన్యం రాతికోటను చుట్టుముట్టింది, అప్పటి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ఏనుగులనూ సొత్తునూ ఇచ్చి పంపాడు. తరువాత ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటిసారి వచ్చి కోట పట్టుకోలేక వెనుదిరిగాడు, మళ్లీ వచ్చి 1323లో పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుడిని ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం విడిచాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. మట్టి ఎవరెత్తారో మాత్రం ఎవరూ చెప్పరు. చెరువుకట్టలు పోసిన ఉప్పరివాళ్లో, వడ్డెరవాళ్లో, వాళ్లతోపాటు పనికి తోలుకొచ్చిన ఏ ఊళ్ల రైతులో. గుళ్లకు భూములిచ్చినవాళ్ల పేర్లు శాసనాల్లో ఉన్నాయి, ఆ గంపలెత్తినవాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా? నేను చదివినంతలో నాకు కనిపించలేదు.

ఆటోవాలా తొందరపెడితే తోరణాల దగ్గరికి పోయాను. అందంగా లేవంటే కళ్లు పోతాయి. నాలుగు దిక్కులా నాలుగు, పచ్చిక మధ్య విరిగి పడ్డ శిల్పాలు, నంది ముక్కలు, గుడి స్తంభాలు. స్వయంభూ శివాలయం పోయింది, దాని చుట్టూ నిలిచిన నాలుగు గుమ్మాలు ఉన్నాయి. నల్లరాతి మీద చెక్కిన దండలు ఇప్పుడే గుచ్చినట్టున్నాయి, దూలం కొసల మీద హంసలకు ముక్కులు బాగానే ఉన్నాయి (నాకు మా టెంపో గుర్తొచ్చింది). పిల్లలు తోరణం నడుమ నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేనూ దిగాను. ఆ ఫొటో మా ఇంట్లో ఫ్రేము కట్టి ఉంది. మట్టికోట మీద ఫొటో దిగాలని తోచనే లేదు. తీసినా ఏముంటుంది, ఒక దిబ్బ, ఒక మేక, నేను. చిత్రమేమిటంటే, యుద్ధం చేసింది దిబ్బ, బొమ్మకెక్కింది గుమ్మం. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చినప్పుడు దాని ప్రభుత్వ ముద్రలోకి తోరణం ఎక్కింది, దాని నడుమ చార్మినార్ ఎక్కింది. 2024లో ఆ ముద్ర మార్చాలన్న మాట వచ్చినప్పుడు అవి రాచరికపు గుర్తులని కొందరు, మా ఆత్మగౌరవమని కొందరు వాదించుకున్నారు. ఆ వాదన రాత్రి బస్సెక్కి భీవండికి కూడా వచ్చింది. చాయ్ గాడీ దగ్గర నలుగురు రెండు జట్లయ్యారు. నేను ఏ జట్టులో చేరాలో తేల్చుకోలేకపోయాను. రాజు గుర్తు మనకెందుకన్న మాట మా నాన్న నోట విన్నట్టే ఉంటుంది. కానీ ఆ దండలు చెక్కిన చేతులు రాజువా? తోరణాన్ని తీసేస్తే తీసేసేది రాజునా, శిల్పినా? ఎటూ తోచక చాయ్ డబ్బులు ఇచ్చి వచ్చేశాను.

మళ్లీ నేతగాడి దగ్గరికే వస్తాను, ఎంత తిప్పినా నా కండె చుట్టుకునే నూలు అదే. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయశాసనమంటారు. సముద్రం మీద వచ్చే వర్తకులకు ధైర్యం చెప్పిన శాసనం. ఓడ విరిగి ఒడ్డుకు కొట్టుకొస్తే వెనుకటి రాజులు సరుకంతా లాక్కునేవారు, మేము అలా చేయం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అన్నది దాని సారం. ఆ తరువాత అరవై ఏళ్లు నిండకముందే అటుగా వచ్చిన మార్కో పోలో, ఈ రాజ్యంలో నేసే సన్నబట్ట సాలెగూటిలా ఉంటుందని, ఎంత పెద్ద రాజైనా రాణైనా ముచ్చటపడి కట్టుకోవాల్సిందేనని మెచ్చుకున్నాడు. వజ్రాలు ఏరే కథలు కూడా చెప్పాడు, అవి అందరికీ గుర్తున్నాయి. నాకు ఆ బట్టే గుర్తు. ఓడలెక్కి పోయిన ఆ బట్టకు అంచున నేసినవాడి గుర్తు ఉండేదా? ఉండే ఉండదు. మా మేనల్లుడు అన్నట్టు, లోపలికి పోయింది బట్ట. ఇవాళ మా భీవండిలో దిగే గ్రే బట్ట సంగతీ అంతే. సాంచా మీంచి దిగేటప్పటికి దానికి రంగు లేదు, పేరు లేదు. మీటర్ల లెక్క చూసుకుని, మడతపెట్టి తాకా కడతారు. అక్కడి నుంచి ఎక్కడో రంగు పడుతుంది, ఎక్కడో అచ్చు పడుతుంది, ఇంకెక్కడో దుకాణం పేరు పడుతుంది. మన ఒంటి మీది చొక్కా లోపలి అస్తరు ఏ సందులో దిగిందో ఎవరికెరుక? ముంబై మిల్లుల్లోకి మా తాతల తరం పోయినప్పుడైనా, 1982లో కార్మిక నాయకుడు దత్తా సామంత్ సమ్మెతో ఆ మిల్లులు కుదేలై పని ఇటు సాంచాలకు మళ్లినప్పుడైనా, చేతులు మావే. నేత మాదేనంటే, కోటకు మట్టి మోసింది మేమేననడం లాంటిదే. నిజమే గానీ, రుజువు అడిగితే చూపడానికి చేతిలో కాగితం లేదు.

2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరత్‌కూ భీవండికీ షోలాపూర్‌కూ వలసపోయిన నేతన్నలు తిరిగి రావాలన్న మాట వేదిక మీదినుంచే వచ్చింది. పద్మనగర్‌లో ఆ వారమంతా అదే ముచ్చట. కాకతీయుల పేరు పెట్టారంటే పని తప్పకుండా అవుతుందని ఒకాయన, పేరుదేముంది కిరాయి ఎంత కూలి ఎంత చెప్పమనండని ఇంకొకాయన. కొన్ని పెద్ద కంపెనీలు అక్కడికి వచ్చాయి, మంచిదే. మా సందు నుంచి ఎవరైనా పోయారా అని చూస్తే, పోయినవాళ్లు నేతకు పోలేదు. సాంచాలు తుక్కుకు అమ్మి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి, వరంగల్ చుట్టుపక్కల ప్లాటు కొనుక్కుని పోయారు. ముసలితనానికి ఊళ్లో ఒక నీడ. అందులో తప్పు పట్టడానికేం లేదు, నాకూ ఆ కోరిక లేకపోలేదు. రాజు పేరు ఉన్నచోటికి పిలవడమంటే కోటలోకి పిలవడమేనా, లేక మళ్లీ గంపెత్తడానికి పిలవడమా? నా అనుమానం పుట్టుకతో వచ్చిందేమో. మగ్గం మీద పెరిగినవాళ్లం కదా, ఏది చూసినా ముందు పోగు తెగినచోటే కనబడుతుంది.

హుయే విషయంలో నన్ను చాలా రోజులు వదలనిది ఇంకొకటి ఉంది. యుద్ధాల కాలంలో, ఆ తరువాతా ఇల్లూ వాకిలీ లేని జనం ఆ కోటగోడ మీదికే ఎక్కి గుడిసెలు వేసుకున్నారు. గోడ వెడల్పు కదా, పైన ఇళ్లే కాదు, కాయగూరల మడులు కూడా వేసుకున్నారు. ఒక తరం అక్కడే పుట్టి అక్కడే పెరిగింది. 2019లో ప్రభుత్వం వాళ్లను వేరేచోట స్థలాలిచ్చి దించడం మొదలుపెట్టింది. వేల కుటుంబాలు. గోడ తేటపడింది, చూసేవాళ్లకు అందంగా ఉంది. దిగినవాళ్లకు చెమ్మా వరదా లేని ఇళ్లు దొరికాయంటే సంతోషమే. ఖిలా వరంగల్‌లోనూ కోటలోపల ఒక ఊరు ఊరే ఉంది. రాతి ద్వారం వంపుల్లోంచి స్కూలు పిల్లల సైకిళ్లు, పాల డబ్బాల బండ్లు తిరుగుతాయి. పురావస్తు శాఖ నిబంధనల వల్ల ఇల్లు కొంచెం పెంచుకుందామన్నా తిప్పలేనని అక్కడొక పెద్దమనిషి నాతో వాపోయాడు. ఆయనది న్యాయమైన బాధ. రాజు పోయి ఏడు వందల ఏళ్లయినా కోటలో దీపం పెడుతున్నది వాళ్లే. కోటలో బతికేవాళ్ల వల్ల కోట చెడిపోదని, వాళ్లుంటేనే దానికి కళ అని నేననుకుంటాను. అలా అనుకుంటూనే, ఆ మట్టికట్టను ఎక్స్‌కవేటర్‌తో చదును చేసి ప్లాట్లు కొట్టేవాళ్లను తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఈ రెండూ ఒకటేనా? ఒకటి కాదు. నీడ కోసం గోడకు ఒరిగినవాడు వేరు, అమ్మకం కోసం గోడను తవ్వేవాడు వేరు. రాతిగోడ మీద గునపం పడితే గోలవుతుంది, పేపర్లో వస్తుంది. మట్టిగోడ మీద పడితే, ‘ఉత్త కట్టనే కద’ అంటారు. ఏడు వందల ఏళ్ల కింద ఉక్కు ఈటెలను ఆపిన గోడ మనం కొనే రెండు వందల గజాల్లో కలిసిపోతుంది.

అందుకే సెలవులకు రాత్రి బస్సెక్కే భీవండి, సూరత్, షోలాపూర్ వాళ్లకు ఒక్క మాట. తోరణాల దగ్గర ఫొటో తప్పక దిగండి, అంత అందం మళ్లీ దొరకదు. పోయే దారిలో ఆటోను మట్టికోట దగ్గర ఆపించి, పిల్లలను పైకెక్కించి, అరచేత్తో ఆ మట్టిని తట్టి చూడమనండి. ఇక ఊళ్లో ప్లాటు చూడటానికి పోయినప్పుడు, పక్కన గుట్టలా మట్టి మిగిలి ఉంటే అదేమిటని అడగండి. అది కోట కట్టను చదును చేసిన నేలయితే, రేటు ఎంత తక్కువైనా, మధ్యవర్తి సొంత బావమరిదే అయినా, బయానా ఇవ్వకండి.